మింగిన దగ్గు

మరో శబ్దం చెవిలో పడింది. బల్ల జరిపిన చప్పుడు. నూకరత్నం 'కాదు' మీట నొక్కింది. తరవాతిది దగ్గే, సందేహం లేదు. ఎవరి బిడ్డో పాపం అనుకుంటూనే 'దగ్గు' నొక్కింది.

రాష్ట్రంలో ప్రతి బడి గోడకూ చెవిపెట్టె ఉంది. మామూలు దగ్గును యంత్రమే పట్టేస్తుంది. మింగిన దగ్గు మాత్రం దానికి అంతుపట్టదు. అందుకే జిల్లాకొక వినికిడి గది పెట్టి తల్లులను కూర్చోబెట్టారు. పిల్లలకు మింగడం నేర్పింది వాళ్లే కదా.

ఒక బిడ్డ దగ్గుల లెక్క బీమా కంపెనీ గీసిన ముప్పుగీత దాటితే ఆ బిడ్డ పేరు బీమాలోంచి కొట్టేస్తారు. మిగతా కంపెనీలు ఎప్పుడో రాష్ట్రం వదిలి వెళ్లిపోయాయి. ఉన్నది ఈ ఒక్కటే. పొరుగు రాష్ట్రం బీమా ఇక్కడివాళ్లకు ఇవ్వరు. బీమా లేని బిడ్డకు ఆసుపత్రి గేటు తెరుచుకోదు.

నూకరత్నం కూతురు జోషిత గీతకు ఒక్క దగ్గు దూరంలో ఉంది. పొద్దున వామునీళ్లు తాగించి, తువ్వాలు ముక్క చేతిలో పెట్టి, "కళ్లల్లో నీళ్లొచ్చినా సరే, మింగెయ్యమ్మా" అని బడికి పంపింది. అప్పటినుంచి ఆమె మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం ఆ శబ్దం రానే వచ్చింది. గొంతులో మొదలై, సగంలో ఆగి, చివర చిన్న మూలుగులా తెగింది. ఎవరిదో యంత్రం చెప్పదు. చెప్పక్కర్లేదు. పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని తాను నేర్పిన దగ్గు అది.

'కాదు' నొక్కుదామంటే, అదే శబ్దం పక్క కుర్చీలో సుగుణకూ వెళ్తుంది. ఇద్దరి మాటా కలవకపోతే రెండిళ్లకూ బీమా పోతుంది. సుగుణా పిల్లల తల్లే. నూకరత్నం చేతులు ఒళ్లో పెట్టుకుంది. మీట పడందే తరవాతి శబ్దం కదలదు.

అజమాయిషీ చూసే ఫణిభూషణం వచ్చాడు. "ఏంటమ్మా, కునుకు పట్టిందా?"

"వినపడలేదండి. మళ్లీ ఎయ్యండి."

వేశాడు. మళ్లీ అదే గొంతు.

"ఇప్పుడు?"

"లేదండి."

"చెవులు పనిచెయ్యకపోతే ఇంటికెళ్లండి. ఈ కుర్చీ కోసం బయట బోలెడుమంది తల్లులున్నారు."

నిజమే. రేపు ఇంకొకామె వచ్చి కూర్చుంటుంది, నొక్కుతుంది. తరవాత జోషిత జ్వరంతో కాలిపోతుంటే ఏ గేటు ముందు నిలబడాలో నూకరత్నానికి తోచలేదు.

అతను సుగుణ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. దగ్గేనా?"

మీట ముట్టకుండా నూకరత్నం ఒళ్లో పెట్టుకున్న చేతులను సుగుణ చూసింది. తన 'దగ్గు' మీట మీది వేలు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నాకూ వినపడలేదండి," అంది. "మళ్లీ ఎయ్యండి."