మూడో రౌండు కుర్చీ

పెద్ద వరద వంతెనను ఎత్తుకుపోయిన రెండో ఏడు జరిగిందిది. అప్పటికింకా కొత్త వంతెన లేదు. ఊళ్ళోకి రావాలన్నా, పోవాలన్నా లాంచీయే దిక్కు.

క్లబ్బు హాలు. పేకాట పోటీ. ఒకటో నంబరు బల్ల.

కలప వ్యాపారి బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. పేకముక్కలు అరచేతి కింద నలిగి ఉన్నాయి. పక్కన సగం తాగిన నీళ్ళ గ్లాసు.

ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. నాలుగూ పది.

"విషం," అన్నాడు డాక్టరు. "గ్లాసులోనే ఉంది. పేరు ఇప్పుడే చెప్పలేను."

కుర్చీలోంచి కదలని ఒక పెద్దావిడ తప్ప, మిగతా పద్నాలుగు మంది ఆటగాళ్ళూ గోడకు అతుక్కుపోయారు. నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి. అయినా ఒక్కరూ నీళ్ళు అడగలేదు.

ఇన్‌స్పెక్టర్ అందరి జేబులూ వెతికించాడు. విషం జాడ దొరకలేదు. తలుపులు వేయించి క్యాంటీన్ వాడిని పిలిచాడు.

"గ్లాసుల్లో నీళ్ళు ఎప్పుడు పోశావు?"

"రెండో రౌండు అయ్యాక, టీ విరామంలో సార్. పదహారు గ్లాసులూ ఒకే జగ్గుతో నింపాను. మిగిలినవి నేనే తాగాను. బతికే ఉన్నాను కదా సార్? ఒకసారి చూసి చెప్పండి!"

"విరామంలో హాల్లోకి ఎవరు వచ్చారు?"

"ఎవరు రాలేదో అడగండి సార్. కళ్ళజోడు మర్చిపోయానని ఒకరు, రుమాలని ఒకరు. సంతలా ఉంది."

అంటే విషం ఎవరైనా కలపొచ్చు. చిక్కు అక్కడ లేదు. ఏ గ్లాసులో కలపాలో ఎలా తెలుస్తుంది? రౌండు రౌండుకీ అందరి చోట్లూ మారతాయి. కొత్త చోటు గంట కొట్టాకే చెబుతారు. కలప వ్యాపారి ఆ కుర్చీలో కూర్చుంటాడని ముందే తెలిసిందెవరికి?

హెడ్ కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "సార్, ఎవరెక్కడ కూర్చోవాలో రాసిన చార్టు ఒక్కరి జేబులోనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ చప్పున అటు తిరిగాడు. ఆ ఒక్కరూ అతని బావ.

బావ బడిలో లెక్కల మాస్టారు. బడి టైం టేబుల్ ఆయనదే, ఈ పోటీ చార్టూ ఆయనదే. ఊరంతా ఆయన్ని చార్టు మాస్టారు అంటుంది. స్కోరు రాయడానికి వచ్చిన అక్క తలుపు పక్కన నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడి ముఖంలోకి చూడడం లేదు.

అయినవాళ్ళ కేసు అయినవాడు చూడకూడదు. కానీ పై అధికారి ఆరు గంటల లాంచీలో వస్తాడు. అప్పటిదాకా ఊళ్ళో ఇంకో ఆఫీసరు లేడు. ఆయన వస్తే ఒకే ప్రశ్న అడుగుతాడు. ముందే తెలిసిందెవరికి? దానికి ఒకే జవాబు. ఆ లాంచీలోనే బావను ఎక్కించుకుని పోతారు.

"మీరు కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఏళ్ళలో బావమరిది తనను 'మీరు' అనడం అదే మొదలు.

"పోయిన ఏడు కలప వ్యాపారి మీ చార్టు చింపేశాడు. నిజమేనా?"

"నిజమే."

"ఎందుకు?"

"మన ఆటలో ముందువాడు పారేసిన ముక్కే వెనకవాడికి అందేది. పక్కన ఎవడు కూర్చున్నాడన్నదే సగం ఆట. మంచి ముక్క వదలని పిసినిగొట్టు వాళ్ళను తనకు పక్కన వేశానన్నాడు. నీ లెక్కలు బళ్ళో పిల్లలకు చెప్పుకో అన్నాడు."

"మీరేమన్నారు?"

మాస్టారు తల దించుకున్నాడు. "నీకూ ఓ రోజు వస్తుందిలే అన్నాను. కోపంలో అన్నాను రా."

బావ చార్టు అంచు మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాడు. భయంతోనా? చేసిన పనికా? అడగాలంటే భయం వేసింది. అవునంటాడేమోనని.

"చార్టు ఎవరికైనా చూపించారా?"

"లేదు. ఈ ఏడు ఎవడూ వేలెత్తి చూపకూడదని మూడు నెలలు కూర్చుని వేశాను. పదహారు మంది, నాలుగు బల్లలు, అయిదు రౌండ్లు. ప్రతివాడూ ప్రతివాడితో ఒక్కసారే ఆడతాడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పెద్దావిడ ఒక్కరే కదలరు, మోకాళ్ళ నొప్పి. మిగతా పదిహేను మందీ గానుగ చుట్టూ తిరిగినట్టు తిరుగుతారు."

ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఇన్‌స్పెక్టర్ హాలంతా చూశాడు. చివరికి అన్నాడు.

"పొద్దున్నుంచి ఎలా ఆడారో అలాగే కూర్చోండి. మొదటి రౌండు నుంచి. విరామం ఉండదు. ఆ బల్ల దగ్గరికి ఎవరు ఎటు నుంచి వచ్చారో నేను చూడాలి."

"చచ్చినవాడి కుర్చీలో ఎవరు కూర్చుంటారయ్యా?" అంది పెద్దావిడ. ఒకటో బల్ల దగ్గర తన కుర్చీలోంచి ఆమె కదల్లేదు. శవాన్ని పక్క గదిలోకి చేర్చేదాకా కళ్ళు మాత్రం మూసుకుంది.

"నేను."

అందరూ కూర్చున్నారు. కలప వ్యాపారికి పొద్దున చీటీల్లో వచ్చిన నంబరు పది. పదో నంబరు చోటు మూడో బల్ల. ఇన్‌స్పెక్టర్ అక్కడ కూర్చున్నాడు. ఇనుప కుర్చీ చల్లగా తగిలింది.

"గంట కొట్టండి."

మాస్టారు చార్టు చదివాడు. అందరూ లేచారు. ఇన్‌స్పెక్టర్ రెండో బల్లకు వెళ్ళి కూర్చున్నాడు. కుర్చీ వెచ్చగా ఉంది.

మళ్ళీ గంట. మూడో రౌండు. ఒకటో బల్ల. ఆ కుర్చీ.

కూర్చున్నాడు. కుర్చీ వెచ్చగా ఉంది.

తలెత్తాడు. తన ముందు నుంచి ఒక మనిషి వీపు నాలుగో బల్ల వైపు నడిచిపోతోంది. ఇందాక రెండో బల్ల దగ్గర చూసిన వీపు. అదే బూడిదరంగు చొక్కా.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు.

"మాస్టారూ, నాలుగో రౌండు చోట్లు చదవకండి. పదో నంబరు ఎక్కడ కూర్చోవాలో నేనే చెబుతాను."

హాలు దాటి నాలుగో బల్ల దగ్గరికి నడిచాడు. కాంపౌండరు ముందు నిలబడ్డాడు.

"లేవండి. ఇది నా కుర్చీ."

మాస్టారు చార్టు చూశాడు. ముఖం పాలిపోయింది. "అదే... నాలుగో బల్లే. నీకెలా తెలుసు?"

"ఎదురుగా ఎవరు, పక్కన ఎవరు అని మీరు చూశారు. అందరం అదే చూశాం. లేచిన కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో ఎవరూ చూడలేదు. గానుగ చుట్టూ తిరిగేవాళ్ళలో ఎవడి వెనక వాడే ఉంటాడు. రోజంతా."

దర్జీ నోరు తెరిచి బేకరీ ఆయన వైపు తిరిగాడు. "ఓరి నీ! పొద్దుట్నుంచీ నేను నువ్వు లేచిన కుర్చీలోనే కదరా కూర్చుంటున్నా!"

ఆ మాటతో హాల్లో ఒకరి వెనక ఒకరు తిరిగి చూసుకున్నారు. ఎవరి వెనక ఎవరున్నారో అప్పుడు తెలిసింది.

"చార్టుతో పనేముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తన నంబరు తొమ్మిది, అవతలివాడిది పది. తను లేచిన చోట గ్లాసు నిండేదాకా ఆగితే చాలు. విరామంలో మీరు దేనికి తిరిగి వచ్చారు, కాంపౌండరు గారూ?"

"గొడుక్కి." చూపు గోడవైపు పోయింది. "గొడుగు... మర్చిపోయాను."

"వాన లేదే."

హెడ్ కానిస్టేబుల్ గోడవార ఉన్న గొడుగు విప్పాడు. మడతల్లోంచి చిన్న సీసా నేల మీద పడింది. పగల్లేదు. దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

కాంపౌండరు కుర్చీలోనే కూలబడ్డాడు.

"వరద రాత్రి నా తమ్ముడు చెట్టు కొమ్మ పట్టుకుని ఉన్నాడు సార్. ఇవతలి గట్టు మీంచి నేను అరుస్తున్నాను. ఈ కలప వ్యాపారి పడవ తమ్ముడి ముందు నుంచే పోయింది. నిండా దుంగలు. మనిషికి చోటు లేదన్నాడు." బల్ల కిందికి చూశాడు. "అప్పట్నుంచీ ఆ సీసా జేబులోనే ఉంది. ధైర్యం చాల్లేదు. పొద్దున చీటీ విప్పాను, తొమ్మిది. వాడు పది అని అరిచాడు. పోయిన ఏడు కూడా ఇలాగే ఒకరి వెనక ఒకరం తిరిగాం; ఇవాళా మొదటి రౌండు అయ్యాక నేను లేచిన కుర్చీలోకి వాడే వచ్చాడు. రోజంతా నా వెనకే వస్తాడని తెలిసిపోయింది."

మాస్టారు చార్టు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. "మూడు నెలలు వేశాను," అన్నాడు. "ఆ ఒక్కటే చూడలేదు."

ఆరు గంటల లాంచీ వచ్చింది. కాంపౌండరును ఎక్కించుకుని పోయింది.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ యూనిఫాం వేసుకోకుండా అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క పంపు కింద బిందె పెట్టి నిలబడి ఉంది. రాత్రంతా నిద్రపోని కళ్ళు.

"అక్కా."

"ఊఁ."

"నిన్న నేను బావే అనుకున్నాను."

బిందె నిండింది. నీళ్ళు పొర్లిపోతున్నా అక్క పంపు కట్టెయ్యలేదు.

"నేనూ అనుకున్నాను రా," అంది మెల్లగా. "నీ బావకి చెప్పకు."

లోపల్నుంచి మాస్టారి కేక వినబడింది. "ఎవరే వచ్చింది?"

"చిన్నోడు."

"వాడికి కాఫీ పెట్టు. నిన్నంతా నన్ను మీరు మీరు అని చంపాడు."

అక్క ముఖం పక్కకు తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ పంపు కట్టేశాడు. బిందె భుజానికెత్తుకుని లోపలికి నడిచాడు.