రంగత్ బోటులో వచ్చిన కాళమ్మ

“ఎవరే ఈ కాళమ్మ?”

ప్రమీల ఒక కాగితం కూతురి ముందు చాపింది. బట్టలు నానబెడదామని అల్లుడి చొక్కా జేబు తడిమితే చేతికి తగిలిన రసీదు అది! ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ మూడుసార్లు చదివింది. పేరు కాళమ్మ. రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్. రేపటి తేదీ, గురువారం. ఆ కిందదంతా గ్రీజు మరక మింగేసింది. ఇంకేం కావాలి... ఎవర్తో రేపు బోటెక్కి వస్తోంది, దాని టిక్కెట్టు అల్లుడు శివాజీ జేబులో ఉంది!

“నాకేం తెలుసమ్మా... ఇటివ్వు,” అంది కూతురు సౌమ్య. రసీదు కొంగుతో తుడిచి, పర్సులో దాచుకుంది. తలెత్తి తల్లి మొహం చూడలేదు. అయ్యో నా తల్లీ! లోపల ఎంత కుమిలిపోతోందో, పైకి చెప్పుకోలేక ఎలా దాచుకుంటోందో అనుకుంది ప్రమీల.

మూడేళ్ళ క్రితం ఆ సంబంధం వచ్చినప్పుడే ఆమె భయపడింది. శివాజీ వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. సముద్రం మీదకెళ్ళే వాడికి పిల్లనివ్వనంటే ఇవ్వనంది. బైకుల షోరూములో మెకానిక్కు, కంపెనీ ఉద్యోగం, చొక్కా మీద కంపెనీ బొమ్మ అని చెబితేనే ఒప్పుకుంది. పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్ పేటలో తన ఇంట్లోనే ఇద్దర్నీ పెట్టుకుంది. అల్లుడు బంగారమే అనుకుంది... కానీ ఈమధ్య ప్రతి బుధవారం ‘కంపెనీ పని’ అంటూ తెల్లారకుండా రంగత్ బోటెక్కుతాడు, మర్నాడు సాయంత్రానికి గానీ రాడు. ఇవాళా అంతే. ఆ కంపెనీకి రంగత్‌లో ఏం పని?

నీళ్ళ పంపు దగ్గర పక్కింటి అమ్మడు ఇంకో పిడుగు వేసింది.

“ఏటక్కా, నీకు తెల్దా? ఆ షోరూమ్ షట్టర్ దించీసి మూడు నెల్లు దాటీసింది! మెయిన్‌లాండ్‌లో ఫ్యాక్టరీలే మూసీసినారట. ఇప్పుడా బళ్ళు ఏ పరాయి దేశంలోనో చేస్తన్నారట. మన దీవులకి ఎవుడు పంపుతాడు? మా ఆయన క్లచ్ ప్లేటు కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. మరి మీ అల్లుడు రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుని ఎక్కడికెల్తన్నాడో!”

ప్రమీల సగం నిండిన బిందెతోనే ఇంటికి తిరిగొచ్చింది. ఉద్యోగమూ లేదు! ఉన్నదల్లా కాళమ్మే! దాన్ని ఏకంగా ఊళ్ళోకే తెస్తున్నాడు... రేపు నా కూతురి బతుకు వీధిన పడుతుంది, ఈ ఇంటి గడప తొక్కుతుంది ఆ మహాతల్లి! గురువారం మధ్యాహ్నం సౌమ్య రేషన్ షాపుకని బయల్దేరగానే, ప్రమీల ఇంటికి తాళం వేసి ఆటో ఎక్కింది. ఏమైనా సరే, వాడి కాలర్ పట్టుకుని నలుగురిలో నిలదీయాలి. పిల్లని ఈ పూటే విడిపించుకోవాలి!

ఫీనిక్స్ బే జెట్టీ మీద జనం. రంగత్ బోటు ఆగింది. మెట్ల మీద శివాజీ కనిపించాడు. ఒక చేత్తో సంచీ... ఇంకో చేత్తో నీలం చీర కట్టిన ఒక ఆడమనిషి చెయ్యి!

“సిగ్గులేదురా నీకు?” ప్రమీల కేక జెట్టీ అంతా వినిపించింది. “నా పిల్ల గొంతు కోసి దీన్ని చెయ్యి పట్టుకుని దింపుతావా? ఎవర్తివే నువ్వు, కొంగు తియ్యి!”

ఆమె ఎండకి కప్పుకున్న కొంగు తీసింది. నెరిసిన జుట్టు, బోసి నుదురు.

“ఓలమ్మ! నాకు అరవయ్యేళ్ళొచ్చినాయి. మోకాలు నొప్పని చెయ్యట్టుకున్నాడు గానీ, నన్ను మనువాడతానన్నాడేటి!”

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. “హటో దీదీ, రాస్తా ఛోడో!” అని దారి తప్పుకోమంటూ నలుగురు కూలీలు ఆమె వెనకే తుప్పు పట్టిన మోటార్ సైకిల్ని మోసుకుంటూ దిగారు. ఆ గోలలో సామాన్ల కౌంటర్ వైపు నుంచి ఒక అమ్మాయి రసీదు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఇంకో చేతిలో టిఫిన్ క్యారేజీ.

సౌమ్య!

“నువ్వా...? నీకు... ముందే తెలుసా?”

శివాజీ తలవంచుకున్నాడు. “అత్తయ్యా... షోరూమ్ మూసేశారు. కొత్త బళ్ళు రావు, పాతవాటికి సామాన్లు రావు. అందుకే మూలపడ్డ బళ్ళు కొని, విప్పి, పనికొచ్చే భాగాలు నడిచే బళ్ళకి వేస్తున్నాను. బోటు మీద బండికి ముందుగా ఇక్కడే యజమాని పేరుతో రసీదు రాసి, దింపేటప్పుడు చూస్తారు. కాళమ్మగారిదే ఇది.”

“మా ఆయన బండమ్మా,” అంది కాళమ్మ, ట్యాంకు మీద అరచెయ్యి వేసి. “ఆయన పోయి రెండేళ్ళయింది. దీని ఇంజను ఏ బండిలోకెల్తాదో నా కళ్ళతో సూసుకుని ఎల్తానన్నాను.”

ప్రమీల కూతురి వైపు తిరిగింది. “మరి నాకెందుకు చెప్పలేదే? నేనంత పరాయిదాన్నా?”

“చెప్పొద్దన్నది నేనేనమ్మా!” సౌమ్య కళ్ళు నిండిపోయాయి. “నాన్నకి బీపీ అని తెలిసినప్పుడు నాలుగు రోజులు అన్నం మానేశావు. ఆ తర్వాత ఆయన ఏ నొప్పీ నీకు చెప్పలేదు... గుండెల్లో పోట్లు వస్తున్నా చెప్పలేదు, పోయేదాకా చెప్పలేదు! నీ భయానికి భయపడి ఈ ఇంట్లో అందరం అబద్ధాలు నేర్చుకున్నామమ్మా...”

ఆయన నవ్వుతూ ‘ఏం లేదు, గ్యాస్’ అన్న సాయంత్రాలన్నీ ఒక్కసారిగా ప్రమీల కళ్ళ ముందు నిలిచాయి. ఇన్నాళ్ళూ అందరినీ అనుమానించింది. అనుమానించాల్సింది తన భయాన్ని అని తెలియలేదు! కళ్ళు తుడుచుకుని, “ఇంకేమైనా దాచారా? ఇప్పుడే చెప్పండి,” అంది.

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు.

“రంగత్‌లో షెడ్డు చూశాను అత్తయ్యా,” అన్నాడు శివాజీ మెల్లగా. “ఈ కంపెనీ బళ్ళు అటు వైపే ఎక్కువ. వచ్చే నెల నుంచి... సౌమ్యని కూడా తీసుకెళ్తే...”

రంగత్! నడి సముద్రం మీద ఇన్ని గంటల ప్రయాణం! గాలివాన వస్తే బోట్లు ఆగిపోయే చోటు! పిల్లకి జ్వరమొస్తే? కడుపు పండితే? ప్రమీలకు అరుపు పెదవి దాకా వచ్చింది. అప్పుడు చూసింది... సౌమ్య ఊపిరి బిగబట్టి తన మొహంలోకే చూస్తోంది. వాళ్ళ నాన్న కూడా డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజున సరిగ్గా అలాగే చూశాడు.

ప్రమీల ఆ అరుపుని మింగేసింది. కాళమ్మ దగ్గరికెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టింది.

“వదినా, నోరుజారాను, క్షమించు. మా పిల్ల మీ ఊరొస్తుందట. కాస్త కనిపెట్టుకుని ఉంటావా? దానికి ఉరుములంటే చచ్చేంత భయం...”

“నాకెక్కడిదమ్మా ఉరుముల భయం?” అంది సౌమ్య.

కాళమ్మ తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూసి నవ్వింది. “నాకు తెలిసిందిలే, ఎవులికి భయమో. దిగులెట్టుకోకు. ఉరిమినప్పుడల్లా నీకు ఫోను సేయిస్తాను.”

“చేయించు వదినా,” అంది ప్రమీల కన్నీళ్ళలోంచి. “ఏం జరిగినా, ఉన్నది ఉన్నట్టే చెప్పించు.”