రుక్కమ్మ సున్నమడిగే మలుపు

నల్లగండ్లలో నడివాడ మలుపుకు మంచి పేరు లేదు. దీపాలు పెట్టాక అక్కడ బండి ఉరికించినవాడిని ఏదో ఆపి పలకరిస్తుందంటారు. మెల్లగా పోయేవాడి జోలికి మాత్రం రాదట. దయ్యాలకూ పద్ధతులుంటాయి మరి.

ఇది నార్సింగి ఎల్లేశం చెప్పగా విన్నది. తన రెండెద్దుల గురించి నాలుగెద్దులంత చెప్పే మనిషి కాబట్టి సగం కోసేసి చెబుతున్నాను.

పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, ముగిసిన మరుసటేడు. ఓ గురువారం దీపాలు పెట్టాక, లింగంపల్లి స్టేషన్లో బస్తాలు దించి ఇంటికి పోతున్నాడు. బండి ఖాళీ అయితే ఎల్లేశం చేతిలో ములుగర్ర ఆగదు. అటూ ఇటూ గడపలున్న ఇరుకు వాడ అది. కోళ్లు ఎగిరాయి. అరుగు పక్కన మంచం కోడు విరిగింది. "నీ బండి మీద మన్ను వడ!" అని ఆ ఇంటి కిష్టమ్మ తిట్టింది. ఆ తిట్టు చెవిన పడేసరికి బండి రెండిళ్లు దాటింది.

మలుపు వచ్చింది.

తెల్లగా ఏదో లేచింది... ఎద్దులు బెదిరి నిలబడిపోయాయి. కుక్క కూడా మొరగలేదు.

"ఎల్లేశం... జర సున్నమున్నదా?"

బండరాయి పక్కన తెల్లచీర. ముఖం మీద కొంగు.

"ఎ... ఎవలు?"

"రుక్కమ్మను బిడ్డా. నీ బండి కింద పడి సచ్చిన గదా."

"నా బండి కిందనా! ఎప్పుడు?"

"పోయిన కార్తీకంల. యాదికి లేదా?... ఎట్లుంటది తీ. గంత ఉరికిస్తివి, నేను నీకేడ కనవడుత?"

ఎల్లేశం ఆలోచించాడు — అదే అతని కొంప ముంచింది. ఆ వాడలో తాను ఏ ఒక్కటీ సరిగా చూసినట్టు జ్ఞాపకం రాలేదు. అయితే... నిజమే అయి ఉంటుంది!

దిగి, సున్నం డబ్బీ రాయి మీద పెట్టి, పగ్గం పట్టుకుని ఎద్దులను నడిపించుకుపోయాడు. అప్పటినుంచి ప్రతి గురువారం మలుపుకు ముందే దిగడం, రాయి మీద తమలపాకులూ సున్నమూ పెట్టి "తప్పయింది అవ్వా" అనడం. అతన్ని చూసి తక్కిన బండ్లవాళ్లూ దిగారు.

అసలు సంగతేమిటంటే, ఆ నెలలోనే రుక్కమ్మ మనవరాలు భూలక్ష్మి నడక నేర్చింది. వాళ్ల గడప దిగితే బండ్ల బాటే. మెల్లగా పొమ్మని బతిమాలితే బండ్లవాళ్లు నవ్వారు. దయ్యం చెబితే వింటారని వాడంతా కూర్చున్నాం. కానీ దయ్యానికి ఎవరింట్లో చచ్చినవాళ్ల పేరు పెట్టాలి? "మా అత్త మంచిగ పోయింది, ఆమె జోలికి రావొద్దు" అంది కిష్టమ్మ. ఉన్నన్నాళ్లూ ఆ అత్తతో ఒక్క పూట మంచిగా లేదు. ఐలయ్య తన మామను ఇస్తానన్నాడు గానీ, ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

చివరికి రుక్కమ్మకు విసుగొచ్చింది. "ఎవల్నీ అడగొద్దు. నేనే సస్త తియ్యిండ్రి."

అలా రెండేళ్లకు పైగా చచ్చి ఉంది. పగటిపూట ఎల్లేశం వస్తే గాదె వెనక దాక్కునేది, రాత్రి అతను పోయాక రాయి మీది ఆకులు తీసుకుని నమిలేది.

పోలీస్ యాక్షన్ తర్వాత వచ్చిన మాఘంలో నిజంగానే పోయింది. ఆ గురువారం ఎల్లేశం ఎప్పటిలాగే దిగాడు, ఆకులు పెట్టాడు, వెళ్లాడు. తెల్లారేసరికి — ఆకులు లేవు!

ప్రతి గురువారం అంతే. భూలక్ష్మి వాడ నడుమ కూర్చుని గవ్వలాడుతోంది. ఒక్క బండీ ఉరకడం లేదు.

ఆకులు ఎవరు తీస్తున్నారని ఒకటే గుసగుస. నన్నడిగితే నాకేం తెలుసు?

నా పళ్లు ఎర్రగా ఉన్నాయంటారా... అది వేరే సంగతి.