పైడిరాజు గొంతుకు చోటు

మూడు తరాల పేర్లే ఎందుకు చెబుతారన్న అనుమానం వకుళకు ఎనిమిదో ఏటి నుంచీ ఉంది. అమావాస్య నాడు తండ్రి నువ్వులూ నీళ్ళూ వదులుతూ తన తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పి ఆగిపోయేవాడు.

“మరి ముత్తాతగారి నాన్నో?” అని అడిగితే, “ఆయన పేరు నాకూ తెలీదే తల్లీ” అనేవాడు.

దేవుడి మీద నమ్మకం ఆమెకు ఏనాడూ సడలలేదు. నాలుగో తరం వాళ్ళు ఎక్కడికి పోతారన్న ప్రశ్న మాత్రం వదల్లేదు. భూమిని దాటి, చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నేల కింద కట్టుకున్న మంచుగుంట కాలనీ దాకా వెంటే వచ్చింది. చివరికి ఆమె ఉద్యోగమే అదైంది.

మంచుగుంటలో నీళ్ళ తర్వాత అంత కరువైనది కంప్యూటర్ మెమరీ. అంతరిక్ష కిరణాలు చిప్పులను తినేస్తాయి. అందుకని ప్రతిదాన్నీ మూడు ప్రతులుగా దాచాలి. కొత్త చిప్పులు భూమి నుంచి రెండేళ్ళకోసారి వస్తాయి. ఉన్నంతలో కాలనీ మొత్తాన్ని నెట్టుకురావడానికి తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు స్మృతిపాలి. అందరూ పాలి అంటారు.

పాలి పని అర్థం కావాలంటే ఒక ఇల్లు చాలు. రోజూ కావలసిన కాగితం బల్ల మీద ఉంటుంది. నెలకోసారి కావలసింది బీరువాలోకి పోతుంది. ఏడాదికోసారి కూడా ముట్టుకోనిది అటక ఎక్కుతుంది. పదేళ్ళు ఎవరూ ముట్టుకోకపోతే, దాని కోసం తన వాటా చోటు వదులుకునేవాళ్ళు లేకపోతే, అది విడుదల జాబితాలో చేరుతుంది. ఏ వస్తువు ఏ అరలో ఉందో రాసి ఉంచే పట్టికే ఫైల్ సిస్టమ్. విడుదలంటే వస్తువును చెరపడం కాదు, పట్టికలో దాని పేరు కొట్టేయడం. దాని మీద మరొకటి రాసేదాకా వస్తువు అరలోనే ఉంటుంది. పేరు పోయింది కాబట్టి ఎవరికీ దొరకదు, అంతే.

ఆ రోజు జాబితాలో నాలుగు వందల పన్నెండు పేర్లున్నాయి. భూమి నుంచి కొత్తగా నలభై కుటుంబాలు దిగాయి. వాళ్ళకు చోటు కావాలి. పేర్లు అప్పటికే కొట్టేశారు. స్మృతి అధికారిగా వకుళ మధ్యాహ్నం రెండు గంటలకల్లా సంతకం పెడితే పాలి ఆ అరల మీద కొత్తవి రాసేస్తుంది.

పదిహేడో పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. పైడిరాజు, పైపు ఫిట్టరు. రోజుకో నిమిషం చొప్పున గొంతు రికార్డులు, పన్నెండేళ్ళవి.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె మంచుగుంటలో దిగిన రోజున నీళ్ళ కార్డు పనిచేయలేదు. మర్నాటి దాకా ఆగమన్నారు. గొట్టం బిగిస్తున్న మనిషి ఒకడు ఆమె మొహం చూసి, తన వంతు గ్లాసు అందించాడు.

“ఏటమ్మా, నోరు పిడచకట్టుకుపోనాదా? తాగీ.”

“మరి మీకో?”

“నాకేటవుద్ది? రేపిచ్చీవులే.”

మర్నాడు ఆయన మంచుగనిలోకి మూడు నెలల డ్యూటీకి పోయాడు. తర్వాత ఎదురుపడినప్పుడల్లా ఇద్దరిలో ఎవరో ఒకరు తొందరలో ఉండేవారు. పదకొండేళ్ళ కిందట ఆయన పోయాడు. వెనక ఎవరూ లేరు.

“పాలీ, ఈయన్ని ఎందుకు తీశావు?” అని అడిగింది.

“పదకొండేళ్ళుగా ఎవరూ తాకలేదు. ఎవరూ అక్కర్లేదనుకున్నారని నా లెక్క.”

“మరి ఎక్కువ తాకేవేమిటి? బల్ల మీంచి దిగనివి?”

“ఎవరివో చెప్పకూడదు. ఏమిటో చెప్పగలను. పంపు దగ్గర తిట్టుకున్న మాటలు. వాటా పంపకాల్లో ఒకరు ఇంకొకర్ని అవమానించిన దృశ్యాలు. సాక్ష్యంగా దాచుకున్న తగాదాలు. బల్ల మీద సగానికి పైగా అవే.”

“మేలు చేసినవాళ్ళవి?”

“ఒకసారి చూసి మూస్తారు.”

వకుళకు ఒళ్ళు మండింది. “మనుషులు ఇంత హీనమా!”

“మీ ఖాతా చూపించనా?”

చూపించింది. పదహారేళ్ళ కిందటి సమావేశం, రెండు గంటల వీడియో. పాలికి నియమాలు రాసిన రోజది. తాకినదాన్నే ఉంచితే చాలదని ఆమె అంటే, కమిటీ పెద్ద లోకనాథం అందరి ముందూ నవ్వి, “ఇది పూజగది కాదమ్మా, కంప్యూటరు” అన్నాడు. ఆ ముక్క ఆమె పదకొండు వందల నలభై సార్లు చూసింది. పైడిరాజు గొంతు ఒక్కసారీ వినలేదు.

“మరొకరు కూడా ఇదే సమావేశాన్ని విడిగా దాచుకున్నారు. మీకంటే ఎక్కువ సార్లు చూశారు,” అంది పాలి.

అప్పుడే లోకనాథం లోపలికి వచ్చాడు. “సంతకం అయిందా వకుళగారూ? పిల్లాజెల్లాతో బయట నిలబడ్డారు జనం.”

“పెట్టనండీ.”

“అదేమిటి?”

“ఎవరూ లేనివాళ్ళని చూసి తీసేశారు. వాళ్ళయితే అడగరు కదా! ముందు ఉన్నవాళ్ళని అడుగుదాం. ఇంటింటికీ ఎవరి జాబితా వాళ్ళకే పంపిస్తాను. ఏ తిట్టు ఎన్నిసార్లు విన్నారో చూసుకుని, వదలగలిగింది వదలమంటాను.”

“మీకా అధికారం లేదు. ఉద్యోగం పోతుంది, చూసుకోండి.”

“పోనివ్వండి. వేరే మనిషిని వెతికి, పని నేర్పి, సంతకం పెట్టించుకోండి. ఈలోగా ఆ అరల మీద చుక్క కూడా పడదు. ఇదిగో, ముందు మీ జాబితా. నేను చూడలేదు.”

ఆయన తెర అందుకుని చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. “మీరు మాత్రం తక్కువ తిన్నారా? ‘మీ ఇంట్లో పూజగదీ లేదు, కంప్యూటరూ లేదు కాబోలు’ అని అందరి ముందూ అనలేదూ!”

వకుళ ఆయన్ని రెప్పవేయకుండా చూసింది. తర్వాత నవ్వొచ్చింది. “నాకంటే ఎక్కువ సార్లు చూసింది మీరేనన్నమాట! నేను వదిలేస్తున్నాను. మీ ఇష్టం మీది.”

ఆయన తెర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

“పాలీ, నా సమావేశం తీసెయ్. ఆ చోటు పైడిరాజుకి. పట్టికలో పేరు మళ్ళీ రాయి, నా వాటా కింద.”

“మీరు వారసులు కారు.”

“బాకీ ఉన్నదాన్ని. రాయి.”

పాలి రాసింది. రెండు గంటల తగాదా పట్టిన చోటులో పన్నెండేళ్ళ గొంతు పట్టింది.

మధ్యాహ్నానికల్లా అరవై ఒక్క ఇళ్ళు ఏదో ఒకటి వదిలాయి. కొత్త కుటుంబాలకు దాదాపు చోటు కుదిరింది. మిగతా ఇళ్ళవాళ్ళు జాబితా చూశాక ఆ తగాదాలనే మరోసారి తెరిచారు. లోకనాథం వాళ్ళలో ఉన్నాడో లేదో ఆమె అడగలేదు. తక్కిన పేర్ల కోసం రేపు మళ్ళీ కొట్లాడాలి. కొట్లాడుతుంది.

పైడిరాజు గొంతు విన్నది. మూడో వాల్వు కారతందనీ, మంచు గట్టిగా ఉందనీ, మోకాలు లాగతందనీ. తను దిగిన రోజు తేదీ వెతికి మరీ విన్నది. “ఇయ్యాల రెండు జాయింట్లు బిగించినాను” అని మాత్రం ఉంది. గ్లాసు మాటే లేదు. ఇచ్చినవాడు దాన్ని గుర్తుంచుకోనే లేదు.

అప్పుడు ఆమెకు తండ్రి వదిలే నీళ్ళలో చివరి దోసిలి జ్ఞాపకం వచ్చింది. మూడు తరాలూ అయ్యాక, నా అన్నవాళ్ళు లేనివాళ్ళందరి కోసం ఆయన ఇంకో దోసిలి వదిలేవాడు. ఎనిమిదేళ్ళ పిల్ల పేర్లు లెక్కపెట్టుకుంటూ ఆ దోసిలి చూడలేదు. ఆడది వదలొచ్చా అని ఒక్క క్షణం ఆలోచించింది. అడ్డం వచ్చిన దేవుడు ఎవరూ కనిపించలేదు.

తన వంతు గ్లాసు తీసుకుని, వాడిన నీళ్ళు వదిలే తొట్టి దగ్గర నిలబడింది.

“పైడిరాజు,” అని పైకే చెప్పి, చేతి మీదుగా గ్లాసు మొత్తం వదిలింది. నీళ్ళు ఆయన బిగించిన గొట్టంలోకి నెమ్మదిగా దిగిపోయాయి.