ఎడమ రెక్క పక్కన

"బావా! ఎనుక... నీ ఎనుక!"

సంతోష్ స్టిక్‌ను ఒక్క గుంజు గుంజుతాడు. ఫైటర్ పక్కకు ఒరిగిపోతుంది. చీకట్లో నిప్పుగీత ఒకటి కాక్‌పిట్‌ను రాసుకుంటూ దూసుకుపోతుంది.

మిస్!

ముందు రెండు బాంబర్లు. శత్రువు గడ్డ మీద బాంబులు వేసి తిరిగొస్తున్నాయి. వాటిని సరిహద్దు దాటించాలి. ఈ రెండు ఫైటర్ల పని అదే.

సంతోష్‌ది కోరుట్ల. ఎడమ రెక్క పక్కన ఎగురుతున్న అజయ్‌ది సిరిసిల్ల. స్క్వాడ్రన్‌లో జూనియర్. మొన్న మొన్ననే బామ్మర్ది కూడా అయ్యాడు. సంతోష్ పెళ్లాడింది అజయ్ అక్క సింధూజనే.

"భయపడ్డవా బావా?"

"మీ అక్క చేసిన సర్వపిండి తిని బతికినోన్ని. నాకు భయమేందిరా!"

"గా ముచ్చట అక్కకు చెప్త!"

"చెప్పు. మాడింది గూడ ఇడువలే... మొత్తం తిన్న."

అజయ్ పకపకా నవ్వుతాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగుతుంది.

ఆ శత్రువు ఫైటర్ మళ్లీ వచ్చింది! ఈసారి అజయ్ వెనుక.

"తాకింది బావా!"

అజయ్ విమానం తోకకు మంట. 'మనవాడే' అని రాడార్‌కు చెప్పే సిగ్నల్ ఆరిపోయింది.

"వీడు నన్ను ఇడుస్తలేడు... జర రా బావా!"

సంతోష్ చెయ్యి స్టిక్ మీద బిగుస్తుంది.

"ఎస్కార్ట్! హోల్డ్ పొజిషన్!" బాంబర్ లీడర్ అరుపు.

బాంబర్లను వదలకూడదు. క్షణం వదిలినా ఇంకొకడు దూరుతాడు.

అప్పగింతలు గుర్తొస్తాయి. సింధూజ చేతులు పాలలో ముంచి అతని చేతుల్లో పెట్టింది అత్త గంగవ్వ. అంతటితో ఆగలేదు. అజయ్ చెయ్యి కూడా ముంచింది. "గీన్ని గూడ నీకే అప్పజెప్తున్న కొడుకా." మండపమంతా నవ్వు. ఆమె నవ్వలేదు. అజయ్ వైపు తిరిగింది. "బావ ఎంబడే ఉండు. ఇడిచిపెట్టి రాకు."

"బావా! యాడున్నవ్?"

"...రాలేను అజయ్."

"అక్కకేం చెప్తవ్?"

సంతోష్ బాంబర్ల వెంటే పోతాడు.

వెనుక ఆకాశం ఎర్రగా పగులుతుంది! రేడియోలో గరగర. ఆ తర్వాత అదీ లేదు.

ఏడవడానికి టైం లేదు. రాడార్ మీద కొత్త చుక్క. వెనుక నుంచి... నేరుగా బాంబర్ల మీదికి!

'మనవాడే' సిగ్నల్ లేదు. సంతోష్ పిలుస్తాడు. మళ్లీ పిలుస్తాడు. ఉలుకూ పలుకూ లేదు.

సిగ్నల్ పోయిన విమానం బాంబర్ల దరిదాపుల్లోకి రాకూడదు. దక్షిణం వైపు తప్పుకుని ఒంటరిగా వెళ్లాలి. బ్రీఫింగ్‌లో పదే పదే చెప్పిన మాట. అంటే వీడు మనవాడు కాదు.

వీడే... అజయ్‌ను చంపినవాడు!

ఫైటర్ గిర్రున తిరుగుతుంది. సంతోష్ పళ్లు పటపటమంటాయి.

"నా బామ్మర్దిని తింటివి గదరా!"

ట్రిగ్గర్ నొక్కుతాడు. మిసైల్ వెళ్లిపోతుంది. ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. ఒళ్లంతా చల్లబడుతుంది. హాయిగా ఉంది!

రెండు ఫైటర్లకే ఉన్న రేడియో ఛానెల్ గరగరమంటుంది.

"బావా! ఇనబడుతున్నదా? కొట్టిన! పేలింది వాడే! రేడియో ఇప్పుడే పట్టింది. దక్షిణం దిక్కు పోవాల్నంటరు గని... నిన్నొక్కన్ని ఎట్ల ఇడుస్త? నీ ఎనుకనే అస్తున్న!"

సంతోష్ నోరు తెరుస్తాడు.

"అరె... మిసైల్! బావా, పైలం! ఎవడో నీ దగ్గర్నే ఉన్నడు... సూస్కో, నీ దగ్గర్నే..."

భళ్లున వెలుగు!

"గుడ్ షాట్, ఎస్కార్ట్!" బాంబర్ లీడర్ నవ్వుతున్నాడు.