తొమ్మిదో సిలిండర్

ఫిరంగుల శాఖలో నమూనాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకడు ఉదయం ఎనిమిదింటికి ట్రామ్ ఎక్కబోతూ కుప్పకూలాడు. గుండెపోటన్నారు చుట్టూ చేరిన జనం. చెవి వెనక సూది గుచ్చిన గుర్తు డాక్టరు కంటబడేసరికి పది దాటింది. పదకొండింటికి కెప్టెన్ బాజిల్ మొర్వాన్ కల్నల్ బ్రిసార్ ఎదుట నిలబడ్డాడు.

"కొత్త ఫిరంగి కొలతలన్నీ వాడి బుర్రలో ఉండేవి," అన్నాడు కల్నల్. "పొయ్యేముందు వాటిని ఎవడికో చదివి వినిపించాడు. వాళ్లు వాడి గొంతు రికార్డు చేశారు. కాగితం లేదు, ఫిల్మ్ లేదు. ఒట్టి మైనపు సిలిండర్."

"ఎవరి దగ్గరుంది?"

"హౌక్. పాత రికార్డుల వ్యాపారి. మధ్యాహ్నం మూడూ నలభై రైల్లో సరిహద్దు దాటి బాజెల్ వెళ్తున్నాడు. పెట్టెలో పన్నెండు సిలిండర్లు. పన్నెండూ ఆన్సెల్మ్ కుర్తాద్ పాడినవేనట."

ఆ పేరు వినగానే బాజిల్ దవడ బిగుసుకుంది.

కుర్తాద్ పోయి రెండేళ్లయింది. బతికున్నన్నాళ్లూ ఒపేరాలో అంతటి మంద్రస్వరం మరొకటి లేదన్నారు. పన్నెండేళ్ల కిందట, గొంతు మంచి పదును మీదున్న రోజుల్లో, సిలిండర్ల మీద పాడాడు. పియానో వాయించింది ఇరేన్ వాల్కూర్. ఇప్పుడామె హౌక్ ముఠాలో మనిషి. ముఠాకి తెలియకుండా కల్నల్ మనిషి. రెండేళ్లుగా ప్రతి ఆదివారం బాజిల్‌కి కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, తన దగ్గరున్న ఐదు కుర్తాద్ సిలిండర్లూ వరసగా వినిపించే మనిషి కూడా ఆమే.

బతికున్నవాడైతే ఏదో ఒక తగువు పెట్టుకోవచ్చు. చచ్చినవాడితో ఏం చేస్తాడు? కాఫీ తాగుతూ, పళ్లు నూరుకుంటూ, ఆ గొంతులో లోపాలు వెతికేవాడు.

పన్నెండున్నరకి స్టేషన్ ఎదుటి కెఫేలో ఆమె వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఊదారంగు టోపీ, మొహం మీద సన్నటి వల.

"ఈ కుర్చీ ఎవరిదండీ?" అడిగాడు. అది కోడ్.

"మా మావయ్యది. ఆయన రారు." చేతిగుడ్డ సర్దుకుంటూ గొంతు తగ్గించింది. "ఏడో నంబరు. హౌక్ స్వయంగా చెప్పాడు. మొదటి నిమిషం ఎవరో కుర్తాద్‌లా పాడతారు. తర్వాత కొలతలు. పెట్టెకి సీలు వేసేశారు, నాకు వినే వీల్లేకపోయింది."

"నిజంగా ఏడేనా?"

"నా మాట నమ్మరా?"

"కుర్తాద్ సంగతొస్తే మీ కళ్లు వేరేగా ఉంటాయి. అందుకని అడిగా."

"పోయినవాడి మీద కూడానా మీ ఏడుపు?" అని లేచి వెళ్లిపోయింది.

మూడూ ముప్పైఒకటి. కస్టమ్స్ గదిలో పెట్టుడు గడ్డం, కళ్లజోడు, ఆఫీసరు టోపీతో బాజిల్. ముందు ఫోనోగ్రాఫ్. ఎదురుగా హౌక్, చేతిలో రాయబారి సంతకం చేసిన ఉత్తరం.

"వినండి, కాదనను," అన్నాడు హౌక్. "కానీ రుజువు లేకుండా ఒక్కటి ఆపినా సాయంత్రానికి మీ మంత్రిగారు క్షమాపణ చెప్పుకోవాలి. రైలు ఇంకో తొమ్మిది నిమిషాల్లో."

ఒక్కో సిలిండర్ రెండు నిమిషాలు. పన్నెండూ వినే టైం లేదు. బాజిల్ ఏడోది ఎక్కించాడు. హౌక్ పెదవి కొసన చిన్న నవ్వు మెరిసింది.

రబ్బరు గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నాడు. బరబర శబ్దం. తర్వాత ఆ గొంతు, పాట పేరు చెప్పి, "పాడుతున్నది కుర్తాద్, ఒపేరా నుంచి" అంది. చివరి మాట కొంచెం దూరమైనట్టు మసకబారింది.

బాజిల్ వెంటనే సూది ఎత్తేశాడు. ఇది అసలుదే.

హౌక్ నవ్వు మాయమైంది.

మొదటిది ఎక్కించాడు. చివరి మాట మసక. రెండోది, మసక. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, అన్నీ అంతే. తొమ్మిదోది ఎక్కించాడు. అదే గొంతు, అదే దక్షిణాది యాస. చివరి మాట మాత్రం సూటిగా, స్పష్టంగా చెవిలో పడింది.

సూది ఎత్తలేదు. గార్డు మొదటి విజిల్ వేశాడు. పాట నిమిషం నడిచి తెగిపోయింది. పొడి గొంతు ఒకటి అంకెలు చదవసాగింది.

హౌక్ చెయ్యి చేతికర్ర పిడి మీదికి పోయింది. అందులోంచి సన్నటి సూది బయటికొచ్చేలోపు బాజిల్ టేబుల్‌ని అతని పొట్టలోకి నెట్టి మణికట్టు విరిచిపట్టాడు. తలుపు బయటున్న ఇద్దరు పోలీసులు లోపలికొచ్చారు. రైలు హౌక్ లేకుండానే కదిలింది.

ఐదింటికి ఇరేన్ తన గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"నాకు తప్పు నంబరు చెప్పాడంటే నన్ను అనుమానించాడన్నమాట," అంది. "నా మాట నమ్మి ఏడు దగ్గరే ఆగిపోయుంటే?"

"హౌక్ ఇప్పుడు రైల్లో ఉండేవాడు."

"మరి మీకెలా తెలిసింది? నకిలీగాడు అంత బాగా పాడాడంటున్నారు."

బాజిల్ టోపీ అంచు తడుముకున్నాడు. "పేరు చెప్పేటప్పుడు చివరి మాట దగ్గర కుర్తాద్ గొంతు రికార్డు చేసే బూరాకి దూరమవుతుంది. ప్రతి సిలిండర్‌లోనూ. పియానో వైపు తల తిప్పేవాడు. నకిలీవాడు తిప్పలేదు. వాడికి అక్కడ చూడాల్సిన మనిషెవరూ లేరు."

ఇరేన్ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"మొదలుపెట్టమని సైగ చెయ్యడానికేమో."

"సైగకి చెయ్యి చాలు."

"నేను మీటల మీంచి తలెత్తేదాన్ని కాదు," అంది. "భయం. నేనున్నానన్న సంగతే ఆయనకి తెలీదనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను." బాజిల్ వైపు తిరిగింది. "ప్రతిదాంట్లోనూనా?"

"నేను విన్న ఎనిమిదింటిలోనూ. మీ ఐదింటిలోనూ."

ఆమె మొహంలో వచ్చిన వెలుగు బాజిల్ రెండేళ్లుగా ఎదురుచూసిందే. తన వల్లే వచ్చింది. తన కోసం మాత్రం కాదు.

ఇరేన్ లేచి ఫోనోగ్రాఫ్ మూత తీసింది. సిలిండర్ ఎక్కించింది. "కూర్చోండి, కెప్టెన్. దీని స్ప్రింగు బిగుసుకుపోయింది, నా వల్ల కాదు. కాస్త హ్యాండిల్ తిప్పరూ?"

హౌక్‌ని పట్టుకున్న చేత్తోనే బాజిల్ హ్యాండిల్ తిప్పాడు. ఏజెంటుకి ఆర్డరంటే ఆర్డరే.