మింగళాడోన్ మలుపులో పదోవాడు

బర్మాలో, విమానాశ్రయానికి పోయే మింగళాడోన్ రోడ్డులో మూతపడిన కుట్టు ఫ్యాక్టరీ గోడ దాటగానే ఒక మలుపు వస్తుంది. ఆ మలుపులో రేకులు లేచిపోయిన బస్టాపు. పొద్దు వాలితే అక్కడ ఎవరూ బస్సు దిగరు. ముందు స్టాపులో దిగి, సందులమ్మట చుట్టు తిరిగి ఇళ్లకు పోతారు.

అక్కడి బల్లమీద ఒకడు కూర్చుని ఉంటాడట.

మార్చి నెల ఎండల్లో ఉన్ని టోపీ పెట్టుకుని ఉంటాడట. టోపీ కింద మొహం ఉండదట... చేతులుండవు, కాళ్లుండవు. పక్కన తెల్లగా ఇంకోటి వంగి, వాడి చెవిలో ఏదో చెబుతూ ఉంటుందట.

"బండి ఆపేవో... ఎక్కేస్తాడు" అని డ్రైవర్లు చెప్పుకునేవారు. మలుపు దగ్గరికి రాగానే స్పీడు పెంచేవారు.

సత్తిరాజు ఒక్కడే ఆపాడు. ఆ ఏడు తెంజాన్ నీళ్ల పండుగ ఎవరూ ఆడలేదు. ఆ ఏప్రిల్లోనే అతను ఏరు దాటి మా పల్లెకొచ్చి, బడి అరుగు మీద కూర్చుని నాకు చెప్పిన సంగతి ఇది. అప్పటికింకా ఉత్తరాది విమానం ఒక్కటీ రాలేదు.

సత్తిరాజు లత అనే పేటలో ఉంటాడు. తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి సేక్కాన్ రేవులో మూటలు మోశారు. ఇతనికి ఒక వ్యాను ఉంది. అక్క సీతాదేవి, ఆమెకున్న ఒక్క కూతురు హేమమాలిని, వీళ్లదీ ఆ ఇల్లే.

ఆ జనవరి చివర హేమమాలిని స్నేహితులతో కలిసి పుతావో బయలుదేరింది. దేశానికి ఉత్తరపు కొసన, మంచుకొండల కింద ఉంటుంది ఆ ఊరు. కొండమీద స్కీ చెక్కలు కాళ్లకు కట్టుకుని మంచులో జారాలని వాళ్ల సరదా. అక్కడికి పోవడం మాత్రం సరదా కాదు. లోయమీద మబ్బు విడితే విమానం దిగుతుంది, విడకపోతే వచ్చిన దారినే తిరిగొస్తుంది. ఏ రోజు ఏమౌతుందో నడిపేవాడికే తెలియదు.

వెళ్లేవాళ్లు తొమ్మిదిమంది. తూయ అనే కుర్రాడు పెద్ద.

బర్మావాళ్లు తొమ్మిదిమంది కలిసి కొండకు పోరు. తప్పనిసరైతే ఒక రాయిని వెంట తీసుకుపోతారు. దానికి పేరు పెట్టి, సీటిచ్చి, అన్నం వేళ ఒక ముద్ద పెడతారు. అప్పుడు లెక్క పది.

"మావా, ముందు సీటు ఊ చౌక్‌ది" అంది హేమమాలిని, విమానాశ్రయానికి పోవడానికి సత్తిరాజు వ్యాను ఎక్కుతూ. ఊ చౌక్ అంటే రాయిగారు. "ఆయనకి కిటికీ పక్కన కావాలట."

"కిళ్లీ కూడా కావాలేటి ఆయనగారికి?"

"అడిగితే ఇద్దువులే. ముందు బెల్టు పెట్టు."

పిల్లలందరూ నవ్వారు. సత్తిరాజూ నవ్వాడు, పైకి.

మలుపు దగ్గర పైన కట్టిన స్కీ చెక్కల తాడు వదులైంది. అందరూ దిగి తాడు బిగిస్తున్నారు. ఊ చౌక్ బెల్టులోంచి జారాడు. సీటుమీద బరువుండి బెల్టు సరిగా లేకపోతే ఆ వ్యాను ఊరుకోదు... టింగ్, టింగ్, టింగ్. విసుగెత్తిపోయాడు సత్తిరాజు.

"రాయికి సీటేటి, నా బొంద!"

ఎవరూ చూడకుండా రాయిని తీసి బస్టాపు బల్లమీద పెట్టాడు. ఆ సీట్లో కోట్ల మూట పడేసి బెల్టు పెట్టాడు.

చూడండి, ప్రతి అమావాస్యకీ ఆ వ్యాను చక్రాల కింద నిమ్మకాయలు నలగాల్సిందే. ముందు బంపరుకి మిరపకాయల దండ వేలాడాల్సిందే. మనది ఆచారం, పక్కవాడిది పిచ్చి.

విమానాశ్రయంలో హేమమాలిని అడిగింది. "మావా, ఊ చౌక్ ఏడీ?"

"సామాన్లలో కట్టీసినాను. ఎల్లు ఎల్లు, బరువు తూస్తన్నారు."

అంతే. ఒక్క మాట.

ఆ రోజు మబ్బు విడలేదు. విమానం పుతావో మీద తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి వెనక్కొచ్చేసింది. సామాను విమానాశ్రయంలోనే ఉంచి, పిల్లల్ని మళ్లీ వ్యానెక్కించుకున్నాడు. మలుపు వచ్చింది. బల్లమీద రాయి... అలాగే ఉంది.

కాలు బ్రేకు దాకా పోయింది. ఆపితే చెప్పాలి. తొమ్మిదిమంది ముందు, మేనకోడలి ముందు, అబద్ధమాడానని చెప్పాలి. 'రేపు నేనొక్కణ్ణీ వచ్చి తీస్తాను' అనుకున్నాడు.

తెల్లారకుండానే మబ్బు విడిందని కబురొచ్చింది. హడావిడిలో రాయి సంగతే తోచలేదు. తొమ్మిదిమందీ ఎగిరిపోయారు.

మూడోనాటి పొద్దుటికి దేశం సైన్యం చేతుల్లోకి పోయింది. ఫోన్లు మూగబోయాయి. విమానాలు ఆగిపోయాయి. కొండమీద పిల్లలు... కింద మనం. మధ్యలో ఏమీ లేదు.

రాత్రి ఎనిమిదయ్యేసరికి ఊరు ఊరంతా గిన్నెలు కొట్టేది. గిన్నెలు మోగిస్తే ఇంట్లో దూరిన దెయ్యం పారిపోతుందని ఇక్కడి నమ్మకం. ఏ దెయ్యాన్ని తోలుతున్నారో అందరికీ తెలుసు. సీతాదేవి కిటికీ దగ్గర నిలబడి, ఇత్తడి బిందె సొట్టలు పడేలా కొట్టేది.

"ఒరే తమ్ముడూ, నువ్వూ కొట్టరా! సేతులకేటి రోగం?"

సత్తిరాజు గరిటె పట్టుకునేవాడు. కొట్టలేకపోయేవాడు. ఆ చప్పుడుకు ఇంట్లోంచి పోవలసింది తానేనేమో అనిపించేదట.

రోజూ విమానాశ్రయానికి పోయి అడిగేవాడు. పోయేదీ వచ్చేదీ వేరే దారిన. ఆ మలుపు చూడలేక.

మార్చిలో ఒక సాయంత్రం, అక్కడ సామాను మోసే లింగరాజు పక్కకు పిలిచాడు.

"ఉత్తరాది లారీవోడు సెప్పినాడు. కనమ మీద కాలం కాని కాలంలో మంచు కురిసిందట. పుతావో అవతల ఒక మఠంలో కుర్రోళ్లున్నారట... పొడుగు సెక్కలతోటి."

"ఎంతమంది?"

"ఎనిమిదిమందో... తొమ్మిదిమందో."

"సరిగ్గా సెప్పరా బాబూ!"

"సరిగ్గా తెలిస్తే సరిగ్గానే సెప్తును గదా!"

ఎనిమిదో, తొమ్మిదో. ఆ ఒక్క అంకె నెత్తిన పెట్టుకుని బండి తీశాడు. అతను రోజూ పోయే దారికి సైనికులు అడ్డం కట్టారు. మిగిలింది మలుపు దారి.

పొద్దు వాలుతోంది. రోడ్డుమీద పురుగు లేదు. ఫ్యాక్టరీ గోడ వచ్చింది... గోడ అయిపోయింది...

టింగ్.

ముందు సీటు ఖాళీ.

టింగ్... టింగ్...

లైట్ల వెలుతురు బస్టాపు మీద పడింది. ఉన్ని టోపీ. టోపీ కింద మొహం లేదు. పక్కన తెల్లగా ఏదో వంగి ఉన్నది కాస్తా... నెమ్మదిగా లేచింది.

"కాలు దానంతటదే బ్రేకు తొక్కీసింది మేష్టారూ" అంటాడు సత్తిరాజు. నేను నమ్మను. అది కాలు చేసే పని కాదు.

ఆ తెల్లటిది కిటికీ దాకా వచ్చింది. సత్తిరాజు కళ్లు మూసుకుని "ఆంజనేయా... ఆంజనేయా..." అంటున్నాడు.

"భయపడకు నాయనా." బర్మా మాట. ముసలి గొంతు. "నేను మనిషినే."

కళ్లు తెరిచాడు. తెల్ల రవికె, నెరిసిన ముడి. చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉంది... రాయిని. దానికి నున్నగా, బర్మా ఆడవాళ్లు మొహానికి పూసుకునే తనకా గంధం పూసి ఉంది. తలకు ఉన్ని టోపీ.

"ఈయన్ని విమానం దాకా తీసుకుపోతావా? మా తూయ వాళ్లతో పోవలసినవాడు. మా పెరటి రాయే, నేనే కడిగి ఇచ్చాను. దారిలో ఎవరో దించేసినట్టున్నారు. టోపీ మావాడిది, ఇంట్లో మరిచిపోయాడు."

సత్తిరాజు కిటికీ అద్దం పూర్తిగా దించాడు.

"పగలు అడిగితే పిచ్చిదాన్నని పోతున్నారు" అందామె. "పొద్దుపోయాక అడిగితే దెయ్యాన్నని పోతున్నారు."

"విమానాలు లేవు, అమే." అమే అంటే అమ్మ.

"ఉన్నరోజున ఎక్కుతాడు. అక్కడ కూర్చోబెట్టు చాలు. పైన మా వాళ్లు పదిమందిమనే ధైర్యంతో ఉంటారు కదా... ఎంత మబ్బు పట్టినా ముందుకే పోతారు. మా తూయ అలాంటివాడు."

ఆ మాట అతనికి అంతవరకూ తట్టలేదు. తొమ్మిదిమందే అని తెలిస్తే వాళ్లు ఆగేవారేమో. కొండ ఎక్కేవారే కాదేమో. మబ్బు చూసి వెనుదిరిగేవారేమో. సామాన్లలో ఉన్నాడని తనే చెప్పాడు, ఆ మూటలు కొండమీద గానీ విప్పరు.

బండి దిగాడు. ఆమె కాళ్ల దగ్గర, ఆ దుమ్ములో కూలబడ్డాడు.

"నేనే, అమే... నేనే దించీసినాను." సగం తెలుగు, సగం బర్మా.

ఆమె చెయ్యి అతని తలమీద ఆనింది.

"తెలుసు నాయనా."

"ఎలాగ...?"

"నెలరోజులుగా ఇక్కడే ఉన్నాను. ఎన్ని బండ్లు పోయాయో! ఆగినది నీదొక్కటే."

లారీవాడి కబురు చెప్పాడు. ఎనిమిదో తొమ్మిదో అన్న మాట దగ్గర రాయిమీద ఆమె పట్టు బిగిసింది.

"వాళ్లలో నీవాళ్లున్నారా?"

"మా అప్ప కూతురు."

"మీ అక్కకి చెప్పావా, ఈయన్ని దించేశావని?"

తల అడ్డంగా ఊపాడు.

"అయితే ముందు అక్కడికే పద. నేనూ వస్తాను."

ముందు సీట్లో కూర్చుని రాయిని ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరికీ కలిపి సత్తిరాజే బెల్టు పెట్టాడు. లత చేరేసరికి గిన్నెలు మొదలయ్యాయి. అన్ని మేడల చప్పుడులోనూ అక్క బిందె చప్పుడు అతనికి విడిగా వినిపించింది. మెట్ల కింద ఇద్దరూ నిలబడ్డారు, అది ఆగేదాకా.

ఆగింది.

"తరవాత?" అని అడిగాను.

సత్తిరాజు అరుగు మీంచి లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"దెయ్యం కత బస్టాపు కాడే అయిపోనాది మేష్టారూ," అన్నాడు. "అసలు బయం... మా అప్ప తలుపు తీసినాక."